పెర్సెఫోని అనే పేరు

పిల్ల పుట్టి చలికాలం మొత్తం గడిచినా ఇంకా పేరు లేదు. బాప్తిస్మం అయ్యేదాకా మా కాలిమ్నోస్ దీవిలో ఏ పిల్లకీ పేరుండదు. మగపిల్లాడయితే రాక్షసుడు, ఆడపిల్లయితే రక్కసి. రక్కసి పాలు తాగిందా, రక్కసి పడుకుందా అని ఇరుగుపొరుగు ముద్దుగా అడుగుతారు. రక్కసి జోలికి చావు రాదని మావాళ్ళ ధైర్యం. సకెల్లారిస్ రెండో కూతురు కూడా అలా రక్కసిగానే తిని, తాగి, గుండ్రాయిలా ఉంది. కంటి మీద కునుకు లేనిది దాని తండ్రికే.

ఎందుకంటే రాబోయే పేరేమిటో ఊరందరికీ తెలుసు. మొదటి ఆడపిల్లకి తల్లి తల్లి పేరు, రెండో ఆడపిల్లకి తండ్రి తల్లి పేరు. దీన్ని పేరు లేపడం అంటారు. ఇందులో అడగడాలూ ఆలోచించడాలూ ఉండవు. పెద్ద కూతురికి అత్తగారి పేరు లేపాడు కాబట్టి ఈ పిల్లకి వాళ్ళమ్మ పేరు లేపాలి. వాళ్ళమ్మ పేరు పెర్సెఫోని.

ఆ పేరుని మొదట ఒక పడవకి పెట్టారు. సకెల్లారిస్ తండ్రి కొత్త పడవ కట్టించి, మోజు కొద్దీ దాని ముక్కు మీద నీలం రంగుతో పెళ్ళాం పేరు రాయించాడు. ఈస్టర్ వెళ్ళాక ఆఫ్రికా తీరానికి స్పాంజి వేటకి పోయిన ఆ పడవ మళ్ళీ మా రేవు మొహం చూడలేదు. ఆ ఎండాకాలమే సకెల్లారిస్ పుట్టాడు. తల్లికి పురిటి జ్వరం వచ్చి, పాదిరి గారు కడపటి ప్రార్థన కూడా చదివేసి వెళ్ళారు. మర్నాడు ఆవిడ లేచి కూచుని చేపల పులుసు అడిగింది. పడవ మునిగిన కబురు ఆ తర్వాత వచ్చింది.

తర్వాత అక్క సెవస్తి తన మొదటి కూతురికి ఆ పేరు లేపింది. పిల్ల ఇంకా సరిగా మాటలు కూడా రాకముందే గొంతు పూడుకుపోయి చచ్చిపోయింది. ఆ వారమంతా ముసలావిడ రొమ్ము జబ్బుతో మంచం మీద గిలగిల్లాడుతోంది. పిల్లని మట్టి చేసి వచ్చేసరికి లేచి రొట్టెల పిండి పిసుకుతోంది. ఆ తర్వాత అన్న లెఫ్టెరిస్ రెండో కూతురు. అది పెరటి వాననీళ్ళ గోతిలో పడింది. అప్పుడూ అంతే, ముసలావిడ చావు మంచం దిగి, స్మశానానికి తనే ముందు నడిచింది.

ఇప్పుడు కొండ వాలులో రెండు చిన్న చలవరాళ్ళు పక్కపక్కనే ఉంటాయి. రెండింటి మీదా ఒకే పేరు. ఆ పేరు గలావిడే రోజూ వెళ్ళి వాటికి నీళ్ళు పోసి వస్తుంది.

ఊరి ఆడవాళ్ళు ఊరుకుంటారా? నూతి గిలకకి రెండు బొక్కెనలు ఉన్నట్టు, ఆ పేరుకి రెండు ప్రాణాలు కట్టి ఉన్నాయన్నారు. ఒకటి కిందికి పోతే గాని రెండోది పైకి రాదన్నారు. ముసలావిడ ఎదురుగా మాత్రం దండాలు పెట్టి, నవ్వి, అంజూర పళ్ళు చేతిలో పెట్టేవాళ్ళు. ఆవిడని పేరు పెట్టి పిలవడం మాత్రం అందరూ మానేశారు. పెద్దమ్మా అనేవారు, లేదంటే సకెల్లారిస్ వాళ్ళమ్మ అనేవారు.

పాదిరి గారు కూడా ధైర్యం చెప్పే మనిషి కాదు. "ఆ పేరుతో పునీతురాలు ఎవరూ లేరయ్యా. పండగ రోజు లేదు. పైన కాచుకునే దిక్కు లేని పేరు," అని గొణిగేవారు. అలా అని ఎవరికీ అడ్డు చెప్పలేదు. ఆయనకి పోయేదేముంది?

మట్టల ఆదివారానికి ముందు వారంలో సకెల్లారిస్ రేవుకి బయల్దేరాడు. అతనికి ఎడమ కాలు మాట వినదు. కుర్రతనంలో స్పాంజి వేటకి మునిగినప్పుడు లోతు కొట్టింది. ఇత్తడి టోపీ బిగించుకుని పాతిక నిలువుల లోతు దిగినవాణ్ణి తొందరపడి పైకి లాగేశారు. అప్పటినుంచి కాలిని ఈడ్చుకుంటూ, మిగతావాళ్ళు తెచ్చిన స్పాంజిలు కత్తిరించి బతుకుతున్నాడు. లోతు కొట్టినవాళ్ళు మా దీవిలో వీధికొకడున్నాడు కాబట్టి జాలిపడే ఓపిక ఎవడికీ లేదు.

రేవులో కెప్టెన్ మికేస్ పడవకి తారు పూయిస్తున్నాడు. పిల్లకి జ్ఞానతండ్రి అతనే. సకెల్లారిస్‌ని దూరం నుంచే చూశాడు.

"ఏరా కుంటి పీతా! పక్కవాటంగా వస్తున్నావు, ఏం కావాలి? మళ్ళీ నీళ్ళలోకి దిగుతానంటావా ఏంటి?"

"నీతో ఒక మాటుంది. ఇక్కడ కాదు."

"ఇక్కడ కాదంటే? వీళ్ళందరికీ తారు చెవుల్లోకి కూడా పోయింది. చెప్పరా."

సకెల్లారిస్ అతన్ని తాళ్ళ గుట్ట వెనక్కి తీసుకెళ్ళాడు. "ఆదివారం బాప్తిస్మపు గంగాళం దగ్గర పాదిరి గారు నిన్ను పేరు అడుగుతారు కదా."

"అడుగుతారు. చెప్తాను. మీ అమ్మ పేరు. అందుకోసం ఇంత దూరం ఈడ్చుకొచ్చావా?"

"ఆ పేరు చెప్పకు. ఫోటినీ అను."

కెప్టెన్ చేతిలో చుట్ట నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. గంగాళం ముందు తండ్రి నోరు విప్పడు. తల్లయితే గుళ్ళోనే ఉండదు, ఇంట్లో కూచుని కబురు కోసం చూస్తుంది. పేరు పలికే హక్కు జ్ఞానతండ్రి ఒక్కడిదే. అతని నోట ఏది వస్తే అదే, చచ్చేదాకా.

"భయమా?" అన్నాడు కెప్టెన్, ఈసారి వెటకారం లేకుండా.

"నీకు లేదా?"

"నేను ఈ పేరు కథ బళ్ళో విన్నాను. నువ్వప్పటికే బడి ఎగ్గొట్టి పడవెక్కావు. పాతకాలంలో ఆ పేరు గల పిల్ల పూలు కోసుకుంటుంటే నేల రెండుగా చీలి, పాతాళం రాజు వచ్చి ఎత్తుకుపోయాట్ట. వాళ్ళమ్మ ఏడ్చి ఏడ్చి ఊళ్ళమీద పంటల్ని మాడ్చేసిందట. తిరిగి పంపేవాళ్ళేగానీ, ఈ పిల్ల కింద దానిమ్మ గింజలు నోట్లో వేసుకుంది. దాంతో ఏటా కొన్నాళ్ళు అక్కడే కాపురం. చచ్చినవాళ్ళకి రాణి. జనం ఆ పేరు ఎత్తడానికే హడిలిపోయి, అమ్మాయి అనేవారట. ఊరికే, అమ్మాయి."

"మరి అంత భయపడే పేరుని మా అమ్మకెందుకు పెట్టారు?"

"వాళ్ళ నాయనమ్మది. ఆవిడకి వాళ్ళ నాయనమ్మది. ముందు ఎవడు మొదలుపెట్టాడో వాడి పళ్ళు రాలగొట్టాలి." కెప్టెన్ సముద్రం వైపు చూశాడు. "సరే. ఫోటినీ. వెలుగు. మంచి పేరు, పునీతురాలు కూడా ఉంది. కాని ముందు మీ అమ్మకి నువ్వు చెప్పాలి. ఆ ముసలావిడ శాపం వెనకాల పెట్టుకుని నేను పడవ విప్పను. నా మీద కుర్రాళ్ళ ప్రాణాలున్నాయి."

"చెప్తాను."

"ఒట్టెయ్యి."

సకెల్లారిస్ సిలువ గుర్తు వేసుకున్నాడు. వేసుకునేటప్పుడు చెప్పే ఉద్దేశమే ఉంది.

తల్లి ఇల్లు కొండ మెట్ల మీద. వెళ్ళేసరికి ఆవిడ గుమ్మంలో కూచుని చచ్చినవాళ్ళ పేర పంచే గోధుమలు ఏరుతోంది. కళ్ళు రెండూ పాలపొర కమ్మి ఉన్నాయి. వేళ్ళతోనే రాయినీ గింజనీ విడదీస్తోంది.

"ఎవరది? కాలు ఈడ్చే చప్పుడు, నువ్వే అయ్యుంటావు. తిన్నావా?"

"తిన్నానమ్మా."

"అబద్ధం. ఆదివారమేనా?"

"ఆదివారమే."

"మికేస్‌ని గట్టిగా పలకమను. వాడు అన్నిటికీ అరుస్తాడు, గుళ్ళో మాత్రం పిల్లిలా గొణుగుతాడు. నాకు వినపడాలి."

ఇదే సమయం. అమ్మా, ఆ పేరు పెట్టటం లేదు అంటే అయిపోయేది. చిన్న మాట. కాని ఆవిడ మొహం ఎత్తి, ఆ తెల్లటి కళ్ళతో సరిగ్గా అతని మొహం వైపే చూస్తోంది. ఊపిరి బిగబట్టాడు. నీళ్ళ అడుగున షార్కు నీడ చూసినా ఇంతగా బిగబట్టలేదు.

"ఏదో చెప్పాలని వచ్చావు," అంది ఆవిడ.

"ఏం లేదు. గోధుమలు గుడికి మోసుకెళ్ళనా అని."

ఆవిడ తడుముకుని వెనక తాడుకి వేలాడుతున్న దానిమ్మపండు ఒకటి తెంపి ఇచ్చింది. శీతాకాలం నుంచి దాచింది, పైతోలు ఎండి చెక్కలా అయ్యింది. "తెమెలినాకివ్వు. పాలిచ్చే మనిషికి మంచిది."

మలుపు తిరగ్గానే సకెల్లారిస్ ఆ పండుని లోయలోకి విసిరేశాడు. అది రాళ్ళ మీద పగిలిన చప్పుడు వినపడింది. చేతిని లాగుకి తుడుచుకున్నాడు, ఇంటికి వెళ్ళాక మళ్ళీ కడుక్కున్నాడు.

ఆదివారం గుడి నిండా జనం. సకెల్లారిస్ పెళ్ళాం తెమెలినా ఇంట్లోనే కిటికీ రెక్క ఓరగా తెరుచుకుని కూచుంది. పెళ్ళాం మొగుళ్ళిద్దరూ ముందు రాత్రే ఫోటినీ అని చెవిలో చెవిలో అనుకుని, ఒకరి నోరు ఒకరు మూసుకున్నారు. బాప్తిస్మానికి ముందు పేరు పలకకూడదు మరి.

సకెల్లారిస్ తల్లి గంగాళానికి ఎదురుగానే, స్తంభం పట్టుకుని నిలబడింది. నల్ల బట్టలు ఉతికి కట్టుకుంది. రెండో చేతిలో కొవ్వొత్తి. కెప్టెన్ ఆవిడని చూశాడు, ఆవిడకి దండం కూడా పెట్టాడు. సకెల్లారిస్ చెప్పేశాడు, ఆవిడ ఒప్పుకుని వచ్చింది అనుకున్నాడు పాపం.

పిల్లకి ఒళ్ళంతా నూనె పూశారు. పాదిరి గారు అడిగారు. కెప్టెన్ గొంతు సవరించుకుని, పడవ మీద కేకేసినట్టు అన్నాడు: "ఫోటినీ!"

పిల్లని మూడుసార్లు నీళ్ళలో ముంచి తీశారు, అది గుక్కపట్టి ఏడిచింది. ఆ ఏడుపులో ముసలావిడ కొవ్వొత్తి వత్తిని రెండు వేళ్ళతో నలిపి ఆర్పేసింది. గోడ తడుముకుంటూ బయటికి నడిచింది. ఎవరూ దారి చూపలేదు, ఎవరూ అడ్డం రాలేదు, తప్పుకున్నారు.

పిల్లని తెల్లటి నూనె బట్టలో చుట్టి అందుకుంటూ కెప్టెన్ పళ్ళ మధ్య నుంచి అన్నాడు, "చెప్పలేదు కదరా కుక్కా."

అప్పటికే వీధి పిల్లలంతా గుళ్ళోంచి దూసుకుపోయారు. పిల్ల తల్లికి పేరు ముందు చెప్పినవాళ్ళకే మిఠాయి. ఫోటినీ, ఫోటినీ అని అరుచుకుంటూ మెట్లన్నీ దిగిపోతున్నారు. సకెల్లారిస్ వాళ్ళ వెనకాల కాలు ఈడ్చుకుంటూ పరిగెత్తాడు. అమ్మ ముందే తెమెలినా దగ్గరికి పోయిందేమో, గుమ్మంలో నిలబడి శాపనార్థాలు పెడుతోందేమోనని అతని భయం. ఇంటికి చేరేసరికి తెమెలినా పిల్లలకి బాదం మిఠాయి పంచుతూ ఏడుస్తోంది, నవ్వుతోంది. ముసలావిడ అక్కడ లేదు. తన ఇంటికి పోయి పడుకుంది.

ఆ పడుకోవడం పడుకోవడమే. తిండి మానేసింది. నీళ్ళు మాత్రం పెదాలు తడిపేంత. ఈస్టర్ వెళ్ళింది, పడవలు విప్పారు. కెప్టెన్ అందరి చేతులూ పట్టుకుని వీడ్కోలు చెప్పి, సకెల్లారిస్ దగ్గరికి వచ్చేసరికి మొహం తిప్పుకున్నాడు. బావి దగ్గర ఆడవాళ్ళకి కొత్త మాట దొరికింది. ఈసారి కిందికి పోవడానికి వేరే బొక్కెన లేదు కదా అన్నారు.

ఒకరోజు మధ్యాహ్నం సెవస్తి వచ్చింది. తల్లికి చాకిరీ అంతా ఆవిడదే. గుమ్మం దాటకుండానే చెప్పింది, "అమ్మ పిల్లని తెమ్మంటోంది. చెవిలో ఒక మాట చెప్పాలంట. సాయంత్రం దాకా ఉండేట్టు లేదురా."

తెమెలినా లేచి పిల్లని రొమ్ముకి అదుముకుంది. "ఏం మాట?"

"నాకేం తెలుసు? నాతో చెప్తే నేనే మోసుకొచ్చేదాన్ని."

సెవస్తి వెళ్ళాక తెమెలినా తలుపు గడియ పెట్టింది. "ఏం మాటో నాకు తెలుసు. నీకూ తెలుసు. తన పేరు దీని చెవిలో పోసి, తను లేచి కూచుంటుంది. నన్ను చంపి తీసుకెళ్ళు పిల్లని."

"చచ్చిపోతోందే. మా అమ్మ."

"నీ కూతురయ్యా ఇది! మీ అక్కది పోయింది, మీ అన్నది పోయింది. నీకింకా అమ్మ కావాలా?"

అతనికి ఇద్దరూ కావాలి. అలాంటివాడికి దేవుడు ఎప్పుడూ సాయం చెయ్యడు. పిల్లని తీసుకెళ్ళలేడు. చచ్చిపోతున్న తల్లి అడిగింది కాదని కొండెక్కకుండా ఉండలేడు. ఆ కోరిక తీరకుండా పోతే ఆ ఉసురు పిల్లకే తగులుతుంది. నడి ఇంట్లో నిలబడి పిచ్చివాడిలా అటూ ఇటూ చూశాడు. మంచం మీద చిన్న దిండు కనిపించింది.

తెమెలినా పిల్లకి పాలివ్వడానికి లోపలికి పోయినప్పుడు పెట్టె తెరిచి నూనె బట్ట తీశాడు. బాప్తిస్మం నాడు పిల్లని చుట్టిన బట్ట అది. దాన్ని మామూలు నీళ్ళలో ఉతకరు, సముద్రంలో జాడించి, ఆరేసి, పిల్ల ఎదిగేదాకా దాస్తారు. పిల్లకి జబ్బు చేస్తే కప్పేది దాన్నే. ఇవన్నీ అతనికి తెలుసు. కాని దాంట్లో ఇంకా పిల్ల వాసన ఉంది, పవిత్ర నూనె వాసన ఉంది. గుడ్డికళ్ళు నమ్మాలంటే వాసన ఉండాలి అనుకున్నాడు. దిండుని దాంట్లో చుట్టి, కోటు కింద పెట్టుకుని కొండెక్కాడు.

ఇంట్లో సెవస్తి లేదు, పాదిరి గారి కోసం వెళ్ళింది. గదిలో ఎండ సగం మంచం దాకా పడుతోంది. తల్లి ఇంతే ఉంది, దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు.

"తెచ్చావా?"

"తెచ్చానమ్మా."

"ఇటివ్వు."

మూటని ఆవిడ చేతుల మధ్య పెట్టాడు. ఆవిడ వాసన చూసింది. ఎండిన వేళ్ళు బట్ట మీద సిలువ కుట్టు మీదుగా పాకాయి. సకెల్లారిస్ చేతులు వదల్లేదు. ఆ వేళ్ళు మొహం కోసం వెతికితే ఏం చెయ్యాలో అతనికి తెలియదు. వెతకలేదు.

"నిద్రపోతోందా?"

"ఆ. నిద్రపోతోంది."

"ఊపిరి చప్పుడే లేదేం?"

అతను మూటని మెల్లిగా ఊపాడు.

"నీది కూడా లేదు," అంది. "చిన్నప్పుడూ అంతే నువ్వు. ఏదైనా తప్పు చేసొస్తే ఊపిరి బిగబట్టేవాడివి."

ఆవిడ మూటని మొహం దగ్గరికి లాక్కుంది. పిల్ల చెవి ఉండాల్సిన చోట పెదాలు ఆనించింది. ఇప్పుడు అనేస్తుంది, ఆ పేరు అనేస్తుంది, దిండులోకి పోతుంది, పోనీ అనుకున్నాడు. వినకూడదనుకుంటూనే వంగి విన్నాడు.

"ఫోటినీ," అంది ముసలావిడ. "నా పేరు నేను తీసుకుపోతున్నా తల్లీ. ఎవరికీ మిగల్చను. నువ్వు పైనే ఉండు."

అంతే. ఇంకో మాట లేదు. సకెల్లారిస్ ఇప్పుడు మూటని లాక్కుని, పరిగెత్తుకెళ్ళి, నిజం పిల్లని తెచ్చి ఆ పెదాల ముందు పెట్టాలి. మళ్ళీ చెప్పమ్మా అనాలి. అంటే ముందు చేసింది చెప్పాలి.

"కాసేపు నా దగ్గరే ఉంచు," అంది ఆవిడ కళ్ళు మూసుకుని. "ఏడిస్తే పిలుస్తాలే."

అతను వెళ్ళాడు నిజంగానే. కాలు ఎంత వేగంగా ఈడవగలిగితే అంత వేగంగా మెట్లు దిగాడు, పిల్లని తేవడానికే. ఇంటికి చేరి తెమెలినా మొహం చూసేసరికి గుమ్మంలోనే ఆగిపోయాడు. తేల్చుకునేలోపే గుళ్ళో చావు గంట మోగింది.

తల్లిని కడిగింది సెవస్తి. మర్నాడు శవపేటిక తలుపు దగ్గర పెట్టినప్పుడు తమ్ముణ్ణి పక్కకి లాగి చెప్పింది, "చేతుల్లో ఏముందో తెలుసా? దిండురా. మీ పిల్ల నూనె బట్టలో చుట్టి పట్టుకుంది. ఆ గుడ్డి కళ్ళతో మీ ఇంటికొచ్చి ఎప్పుడు ఎత్తుకెళ్ళిందో! పేరు లేపలేదని అంత కుమిలిపోయింది. వేళ్ళు విడదీద్దామంటే రాలేదు. ఉండనీలే అని దుప్పటి కప్పేశాను. ఎవరికీ చెప్పకు, ముసలిదానికి పిచ్చెక్కిందంటారు."

సకెల్లారిస్ ఊళ్ళో అందరి ముందూ ఆ పేటిక వెనక నడిచాడు. మూత వెయ్యలేదు ఇంకా. దుప్పటి కింద చిన్న ఎత్తు కనిపిస్తూనే ఉంది. గోతి దగ్గర పాదిరి గారు నూనె పోసి, గుప్పెడు మట్టి వేశారు. ఆపండి, ఆ బట్ట నా కూతురిది, బాప్తిస్మపు బట్ట, అది కిందికి పోకూడదు అని అరవాలి. అరిస్తే ఎలా వచ్చిందని అడుగుతారు. చావు ముందు తల్లిని దిండుతో మోసం చేసినవాడని కాలిమ్నోస్‌లో పిల్లాపాపా చెప్పుకుంటారు. మూత వేశారు. మేకులు కొట్టారు.

కూతుర్ని కాపాడాలనుకున్నవాడు, కూతురి పేరు తడిసిన బట్టని, చచ్చినవాళ్ళ రాణి పేరున్న మనిషి చేతుల్లో పెట్టి, తన చేత్తోనే పాతాళానికి దించాడు.

అప్పటినుంచి అతనికి నిలకడ లేదు. పిల్ల తుమ్మితే ఉలికిపడ్డాడు. నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. తెమెలినా నవ్వేది. "రక్కసిగా ఉన్నప్పుడు లేని భయం ఇప్పుడెందుకయ్యా నీకు? ముసలావిడ పోయింది కదా, ఆ పేరూ పోయింది." ఆవిడకి హాయిగా నిద్రపట్టేది.

ద్రాక్ష పండే రోజుల్లో పిల్లకి జ్వరం వచ్చింది. ఒళ్ళు పెనంలా కాలిపోయింది. వైద్యుడొచ్చి సూది పొడిచి, తల ఒకలా ఆడించి వెళ్ళాడు. పాలు పట్టలేదు, ఏడుపు కూడా ఆపేసింది. మధ్యాహ్నానికి కళ్ళు సగం తెరిచి, దేన్నీ చూడకుండా పడుంది.

"నూనె బట్ట తియ్యి," అంది తెమెలినా. "కప్పుదాం. పెట్టెలో అడుగున ఉంటుంది."

సకెల్లారిస్ కదల్లేదు.

"నీకే చెప్పేది! పెట్టెలో!"

తనే లేచి పెట్టె తెరిచింది. బట్టలన్నీ నేల మీద పోసింది. మళ్ళీ అన్నీ విదిలించింది. అప్పుడు తల తిప్పి మొగుడి మొహం చూసింది. ఆ మొహంలో ఏముందో గాని ఆవిడ గొంతు దిగిపోయింది.

"ఏం చేశావు?"

చెప్పాడు. దిండు నుంచి మేకుల దాకా, నేల వైపు చూస్తూ అంతా చెప్పాడు. కొడుతుందనుకున్నాడు. జుట్టు పీక్కుంటుందనుకున్నాడు. ఆవిడ గోడకి ఆనుకుని జారి కూచుంది.

"కింద ఉందన్నమాట. ఇన్నాళ్ళూ దాని బట్ట ఆవిడ దగ్గర ఉంది." కొంతసేపటికి అడిగింది, "ఏమంది? దిండుతో ఏమంది? నిజం చెప్పు, ఇప్పుడైనా."

"ఫోటినీ అంది. నా పేరు నేను తీసుకుపోతున్నా అంది. నువ్వు పైనే ఉండు అంది."

"అంతేనా? తన పేరు అనలేదా?"

"అనలేదు."

తెమెలినా మొహంలో రంగు మారింది. అతనికి అంత భయంకరమైన మొహం ఎప్పుడూ కనపడలేదు, నీళ్ళ మీదా, నీళ్ళ కిందా. "దేవుడా, దీవెన పెట్టింది. ఆ దీవెనని నువ్వు దిండుకి ఇప్పించావు." మోకాళ్ళ మీద పాకి వచ్చి అతని చొక్కా పట్టుకుంది. "చెప్పు. దీని చెవిలో చెప్పు. ఆవిడ ఎలా చెప్పిందో అలాగే, ఒక్క ముక్క తప్పకుండా."

"నేను చెప్తే పనిచేస్తుందా?"

"ఇంకెవరున్నారయ్యా విన్నవాళ్ళు?"

సకెల్లారిస్ మంచం మీదికి వంగాడు. పిల్ల చెవి ఎర్రగా, చిన్న గవ్వలా ఉంది, వేడి మొహానికి కొడుతోంది. నోరు తెరిస్తే తప్పు పేరు వచ్చేస్తుందేమోనని వణికాడు. ఇన్నేళ్ళూ లోపల అదే తిరుగుతోంది మరి. పళ్ళు బిగించి, ఒక్కో మాట నెమ్మదిగా దింపాడు, లోతుకి దిగేవాడికి తాడు వదిలినట్టు. ఫోటినీ. నా పేరు నేను తీసుకుపోతున్నా తల్లీ. ఎవరికీ మిగల్చను. నువ్వు పైనే ఉండు.

చెప్పి, ఆగి, చెవి దాని నోటి దగ్గర పెట్టాడు.

ఏమీ వినపడలేదు. వెనక తెమెలినా వెక్కుతోంది. కొండ మీద మేకల గంటలు మోగుతున్నాయి. ఊపిరి చప్పుడే లేదేం అని తల్లి అడిగినట్టు వినిపించింది. అప్పుడు అతనికి తెలిసింది, చప్పుడు లేనిది తనకే, తనే బిగబట్టి ఉన్నాడని. ఊపిరి వదిలాడు. వదిలాక, ఆ నిశ్శబ్దంలో, సన్నగా, గొంతులో గురక అడ్డం పడుతూ, పిల్లది వినపడింది.

ఫోటినీ బతికింది. ఆ ద్రాక్షల కాలం దాటింది, ఎన్నో దాటింది. కెప్టెన్ ఆఫ్రికా నుంచి క్షేమంగా తిరిగొచ్చాడు, మళ్ళీ పలకరించాడు కూడా. ఆ పేరుని మా దీవిలో మళ్ళీ ఎవరూ లేపలేదు, పిల్లకి గాని, పడవకి గాని. ముసలావిడ అన్నట్టే తీసుకుపోయింది.

కాని బట్ట ఇంకా ఆవిడ దగ్గరే ఉంది. కొండ వాలులో ఇప్పుడు ఒకే పేరుతో మూడు రాళ్ళు. సకెల్లారిస్ రోజూ వెళ్ళి మూడింటికీ నీళ్ళు పోస్తాడు. ఇంటికొచ్చి, కూతురు పడుకున్నాక, మంచం పక్కన వంగుతాడు. దానికి పెళ్ళీడు వచ్చింది, నాన్నా నన్ను పడుకోనీ అని విసుక్కుంటుంది. అతను విననట్టు ఊపిరి బిగబట్టి, దాని ఊపిరి వినపడేదాకా అలాగే ఉంటాడు.